హైమవతిగారి పరివర్తిత వాహనం

రిటైరైన ఆడవాళ్లు సాధారణంగా కాశీకైనా వెళ్తారు, మోకాళ్ల డాక్టరు దగ్గరికైనా వెళ్తారు. మా ఎదురు ఫ్లాటు దూసి హైమవతిగారు ఉద్యోగంలో ఉండగానే డాక్టరు దగ్గరికి వెళ్లి కుడి మోకాలు మార్పించుకొని వచ్చేశారు. ఇక కాశీ మాటెత్తితే, “అక్కడ పార్కింగు చాలా కష్టమటండీ మాస్టారూ” అన్నారు.

అప్పటికి ఆవిడకు కారు లేదు.

విశాఖపట్నంలో ఒకే మహిళా కళాశాలలో ఆవిడ ఫిజిక్సు చెప్పారు, నేను తెలుగు చెప్పాను. రిటైరయ్యాక నేను ఇంట్లో కూర్చున్నాను. ఆవిడ కూర్చోదల్చుకోలేదు, డ్రైవింగు నేర్చుకున్నారు. “ఉద్యోగమంతా వేగం, త్వరణం అని బోర్డు మీద రాశాను. సాయంత్రమయ్యేసరికి సిటీ బస్సులో నిలబడి ఇంటికొచ్చాను. ఒక్కసారి ఆ వేగమేదో కూర్చుని చూడాలి” అన్నారు.

ఆవిడ మనసు పడింది మామూలు కారు మీద కాదు. లార్క్‌హిల్ అని పాతకాలపు ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైకప్పు ఉండదు, ముందు భాగం మొసలి మూతిలా పొడుగ్గా ఉంటుంది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. వాకబు చేస్తే మా చుట్టుపక్కల అలాంటివి రెండున్నాయని తేలింది. ఒకటి ఒరిజినల్, ఇంకొకటి మార్పులు చేసింది. ఆవిడ రెండూ చూసొద్దామన్నారు. సంపెంగ నూనె కొనడానికి వెళ్తున్నానని మా ఆవిడకు చెప్పి నేనూ వెంట వెళ్లాను.

ఒరిజినల్‌ది విజయనగరంలో బుగత నరసింగరావుగారనే అడ్వకేటు ఇంటి వెనక షెడ్డులో ఉంది. జూట్ మిల్లు దొర ఒకాయన దేశం వదిలి వెళ్తూ ఈయన తండ్రికి అమ్మాడట. నరసింగరావుగారు దుప్పట్లు ఒక్కొక్కటే తీసి, ఆఖరి దుప్పటి దగ్గర మా మొహాలు ఓసారి చూసి, అప్పుడు లాగారు. పచ్చి చింతకాయ రంగు బండి. చూడగానే హైమవతిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఒక్క స్క్రూ మారలేదమ్మా. దొరగారు పట్టుకున్న స్టీరింగు, దొరగారు కూర్చున్న సీటు” అన్నారాయన.

దొరగారు కూర్చున్న సీట్లో పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టుకొని పడుకొని ఉంది. హైమవతిగారు పక్క సీట్లో కూర్చున్నారు.

“ఓసారి స్టార్ట్ చేస్తారా?”

“అబ్బెబ్బే! స్టార్ట్ చేస్తే అరిగిపోదూ?”

ఆవిడ చాలాసేపటి వరకూ దిగలేదు. పిల్లికే అనుమానమొచ్చి ఓసారి లేచి చూసింది.

రెండోది కంచరపాలెంలో గొర్లె పైడిరాజు గ్యారేజీలో ఉంది. అది గులాబీ రంగులో ఉంది. ఎండలో దాన్ని చూడాలంటే చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

“బాడీ ఒక్కటే దొరదండి. ఇంజను వ్యానుది. సీట్లు సిటీ బస్సువి. హారను లారీది. ముందు లైట్లు రెండు స్కూటర్లవి. రంగు మాత్రం మనదేనండి. మా మరదలి పెళ్లికి ఇంటికేయగా మిగిలిపోనాది” అన్నాడు పైడిరాజు.

“నడుస్తుందా?”

“నడవడమేటండీ అమ్మగారూ, పరిగెడతాది! ఆగాలంటే మాత్రం కొంచెం ముందుగా సెప్పాల.”

ఇంటికొచ్చాక బాల్కనీలో చాలా చర్చ జరిగింది. ఒరిజినల్‌ది అందంగా ఉంది, కదలదు. మార్చినది కదులుతుంది, దాంట్లో కూర్చున్నవాళ్లకు తప్ప అందరికీ కనిపిస్తుంది. “ఫిజిక్సు ప్రకారం కదలనిదానికి కూడా వేగం ఉంటుంది మాస్టారూ. అది సున్నా, అంతే” అని ఓసారి అనేవారు. మర్నాడు పొద్దున్నే తలుపు తట్టి, “కానీ సున్నా చూడటానికి కారెందుకండీ, ఇంట్లో సోఫా ఉందిగా” అనేవారు. ఇలా కాఫీలు అవుతుండగా ప్రభుత్వం ఆ చర్చలోకి దిగింది.

ఆ ఏడాదే ప్రభుత్వానికి పాతదనం మీద ప్రేమ పుట్టింది. ఏదో సదస్సుకొచ్చిన విదేశీ అతిథి భోజనాల దగ్గర, “మీ దగ్గర ఏదీ ఉన్నదున్నట్టుగా ఉంచరా?” అని అడిగాడట. ఆయన అడిగింది రెండోసారి వేయించి తెచ్చిన పూరీల గురించని తర్వాత తెలిసింది. తెలిసేలోపలే ‘యథాతథ వాహన పరిరక్షణ మండలి’ ఏర్పడి, దానికి ఆఫీసు, జీపు, గుమస్తాలు, లెటర్‌హెడ్ అన్నీ అమరిపోయాయి. నలభయ్యేళ్లు దాటిన ఏ బండినైనా మండలి పరిశీలించి ‘యథాతథం’ అనో ‘పరివర్తితం’ అనో తేల్చాకే కొనాలి, అమ్మాలి.

ఆ సాయంత్రం హైమవతిగారు పేపరు పట్టుకొని వచ్చారు. “మాస్టారూ, ఆ ఆఫీసులో అంతా తెలుగే మాట్లాడతారట. నాకు భయంగా ఉంది. మీరు తోడు రావాలి.”

మండలి ఉప సంచాలకుడి పేరు త్రివిక్రమంగారు. మెడ దాకా గుండీలు పెట్టుకున్న చొక్కా, గుండీలు పెట్టుకున్నట్టే ఉండే మొహం.

“ఆసీనులు కండు. తమ ఆగమన హేతువు?”

హైమవతిగారు నా వైపు చూశారు. “ఎందుకొచ్చారని” అన్నాను.

“కారు కొనుక్కుందామనండీ.”

“క్రయాభిలాష. సంతోషము. యథాతథమా, పరివర్తితమా?”

“అదే తేల్చుకోలేకపోతున్నానండీ. మీరేదైనా సలహా ఇస్తారేమోనని…”

“సలహా ఇచ్చుట మండలి పరిధిలోనిది కాదమ్మా. నిషేధించుట మాత్రమే మా పరిధి. అయినను రెండు వాహనములను పరిశీలించెదము. ఈలోగా తమకు తేనీరు మంజూరు చేయడమైనది.”

చాలాసేపు చూశాం. టీ రాలేదు. “మంజూరైంది, విడుదల కాలేదు” అని హైమవతిగారికి మెట్ల మీద వివరించాను.

ఆ గురువారం మండలి జీపు విజయనగరం వెళ్లింది. వెనకే బస్సులో మేమూ వెళ్లాం. నరసింగరావుగారు కోర్టు మానేసి, కొత్త పంచె కట్టుకొని గుమ్మంలో నిలబడ్డారు. త్రివిక్రమంగారు భూతద్దంతో బండి చుట్టూ మూడుసార్లు తిరిగారు. గుడిలో తిరిగినట్టే తిరిగారు.

“అద్భుతము. అస్పృష్టము. అయినను ఈ చక్రములందలి వాయువు ఎచ్చట?”

“దిగిపోయిందండీ. మా నాన్నగారు పోయిన కొత్తలో” అన్నారు నరసింగరావుగారు, చనిపోయినవాళ్లిద్దరి గురించీ చెబుతున్నట్టు.

“కర్మాగారమున నింపిన వాయువు లోపించినది. నూతన వాయువు నింపినచో పరివర్తన. అయితే పూర్వ వాయువు స్వచ్ఛందముగా నిష్క్రమించినది కనుక దానిని ప్రకృతి చర్యగా భావించి క్షమించడమైనది.”

నరసింగరావుగారు సంబరపడి, తలుపు మీది దుమ్ము కండువాతో తుడవబోయారు. అసిస్టెంటు ఒకడు కెవ్వున అరిచాడు. దుమ్ము కూడా వాహనంలో భాగమేనట. తుడిచిన దుమ్మును కండువాలోంచి దులిపి, ఉన్నచోటే మళ్లీ సర్దించారు.

తర్వాత పిల్లి దగ్గరికొచ్చారు.

“ఈ మార్జాలము వాహనముతోపాటు వచ్చినదా?”

“లేదండీ, గోడ దూకొచ్చింది.”

“పిల్లలు?”

“ఇక్కడే పుట్టాయండీ.”

“ఇచటనే జన్మించినవి కనుక పిల్లలు యథాతథములు. తల్లి ఆక్రమణదారు. ఖాళీ చేయవలసినదిగా తాఖీదు ఇవ్వవలెను.”

తాఖీదు అద్దానికి అంటిస్తే అద్దం పరివర్తితమవుతుంది. కాబట్టి పిల్లికి చదివి వినిపించారు. ‘కావున’ దగ్గర అది ఆవులించింది.

ఆఖరికి బండి సంపూర్ణ యథాతథమని ప్రకటించారు. నరసింగరావుగారు లోపలికి పరిగెత్తి కోవా బిళ్లలు తెచ్చారు. ఆయన నోట్లో బిళ్ల ఉండగానే త్రివిక్రమంగారు మిగతాది చెప్పారు. యథాతథ వాహనం కదలకూడదు. కదిలితే చక్రం అరుగుతుంది, అరుగుదల పరివర్తన. షెడ్డులోంచి తీయకూడదు. షెడ్డు కప్పు కారుతున్నా బాగుచేయకూడదు, వాహనానికి అలవాటైన వాతావరణం మారిపోతుంది.

“అమ్ముకోవచ్చా అండీ?” అన్నారు హైమవతిగారు.

“నిరభ్యంతరముగా. విక్రయించుటకు సంపూర్ణ స్వేచ్ఛ కలదు. అయితే యజమాని మారుట ఏ వాహనమునకైనను సంభవించు అతి ముఖ్య పరివర్తన. కావున విక్రయించిన మరుక్షణము ఇది యథాతథము కాదు. యథాతథము కాని దానిని యథాతథమని విక్రయించుట శిక్షార్హము.”

“సెక్షను చాలా పకడ్బందీగా రాశారే!” అన్నారు నరసింగరావుగారు అడ్వకేటు కంఠంతో. ఆ సెక్షను తన మీదేనని అర్థమయ్యేసరికి జీపు వెళ్లిపోయింది.

హైమవతిగారు వెళ్లేముందు బండి తలుపు మీద ఓసారి చెయ్యి వేయబోయి, దుమ్ము గుర్తొచ్చి తీసేశారు. బస్సులో ఆనందపురం దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. ఆ తర్వాత, “నాకు నిజంగా కావలసింది అదే మాస్టారూ” అన్నారు. నేను కిటికీలోంచి చెయ్యి చాపి వేరుశనక్కాయలు కొన్నాను.

కంచరపాలెంలో త్రివిక్రమంగారు గులాబీ బండి ముందు నిలబడి కాసేపు కళ్లు మూసుకున్నారు.

“ఇది వాహనమా, సమావేశమా?”

“ఏటంటన్నారండి?” అన్నాడు పైడిరాజు నాతో.

“బాగుందంటున్నారు” అన్నాను.

ఒక్కో భాగాన్నీ వాకబు చేశారు. లైట్ల దగ్గర ఆగారు. “ఈ దీపముల తాలూకు స్కూటర్లు ఎచ్చట?”

“సచ్చిపోనాయండి.”

“అయితే ఇవి అవశేషములు. మరి ఈ మార్పులు ఎప్పుడు జరిగినవి?”

“మా నాన్న మొదలెట్టినాడండి. నాను పూర్తి సేసినాను. సానా కాలమయిపోనాది.”

త్రివిక్రమంగారు అసిస్టెంట్లతో పక్కకు వెళ్లి గుసగుసలాడి వచ్చారు. మొహంలో కొత్త వెలుగు ఉంది. “పరివర్తనలు సైతము పురాతనములే! కావున ఇవి యథాతథ పరివర్తనలు. ఇకపై వీనిని పరివర్తింపరాదు. అదేమి? ఆ క్రింద ఏమి చేయుచున్నావు?”

పైడిరాజు అప్పటికే పానా పట్టుకొని బండి కిందికి దూరాడు.

“బ్రేకు నట్టు వదులైపోనాదండి, బిగిస్తన్నాను.”

“ఆ మర త్రిప్పకుము!”

ఆ కేకకు నట్టు ఊడి కింద పడింది. పైడిరాజు తీయబోయాడు.

“తాకకుము! పడుట ప్రకృతి చర్య. ఎత్తుట పరివర్తన.”

“మరి బ్రేకు అలగే ఒగ్గీమంటారేటి?”

“బ్రేకు వదులుగా నుండుట ఈ వాహనపు వారసత్వ సంపద.”

అప్పటిదాకా ఓపిక పట్టిన హైమవతిగారు ముందుకొచ్చారు. “అయ్యా, బీచి రోడ్డు దిగువలో ఆ వారసత్వం బండిని తిన్నగా సముద్రంలోకి తీసుకెళ్తుంది. అది ప్రకృతి చర్యే. కానీ చివర్లో బండిని నడిపించి చూసేటప్పుడు పక్కన కూర్చునేది మండలి అధికారి అని మీ రూల్సులో ఉందిగా? ఎవరండీ ఆ అధికారి?”

ఆ అధికారి ఎవరో త్రివిక్రమంగారికి తెలుసు. గుండీ ఒకటి సర్దుకున్నారు.

“బ్రేకు విషయమున ప్రత్యేక మినహాయింపు మంజూరు చేయడమైనది. వెంటనే బిగింపుము. గట్టిగా బిగింపుము.”

పూర్తి మండలి విచారణ నెల చివర్లో పెట్టారు. ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పాతది గనుక బాగుచేయించడం లేదు. హైమవతిగారు మెట్లన్నీ ఎక్కారు. నేను ఎక్కి, మాట రావడానికి కాసేపు గోడ పట్టుకున్నాను.

బల్లకు అవతల మండలి అధ్యక్షులవారు, సభ్యులు, చివర్లో త్రివిక్రమంగారు కూర్చున్నారు. అధ్యక్షులవారు దగ్గి, “రెండు వాహనముల స్థితి నిర్ణయమైనది. ఇక దరఖాస్తుదారు స్థితి తేలవలెను. అమ్మా, తాము యథాతథమా?” అన్నారు.

“అంటే?” అన్నారు హైమవతిగారు.

నేను చెవిలో చెప్పాను. చెప్పడానికి నాకే సిగ్గనిపించింది.

“కుడి మోకాలు మార్పించుకున్నానండీ. ఎడమ కంట్లో లెన్సు వేశారు. ముందు పన్ను పింగాణీది.”

సభ్యులు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. “పరివర్తిత దరఖాస్తుదారు” అని గుమస్తా రాసుకున్నాడు. “యథాతథ వాహన సేవకు అనర్హురాలు. పరివర్తిత వాహనమునకు మాత్రమే అర్హురాలు” అని అధ్యక్షులవారు తేల్చేశారు.

హైమవతిగారు లేచి నిలబడ్డారు. క్లాసులో వెనక బెంచీ అమ్మాయిల కోసం వాడే గొంతు అది, చాలా ఏళ్ల తర్వాత విన్నాను.

“అయ్యా, ఈ మార్పించిన మోకాలితోనే నేను మీ మూడంతస్తులూ ఎక్కి వచ్చాను. ఒరిజినల్‌దైతే ఇంకా కిందే ఉండేదాన్ని. నాకు అరవై దాటాయి. ఇంకెన్నాళ్లు చూపు ఆనుతుందో, ఎన్నాళ్లు క్లచ్చి తొక్కగలనో తెలీదు. ఏ కారు మంచిదో నేనే తేల్చుకోలేక మీ దగ్గరికొచ్చాను, అది నా పొరపాటు. మీకు తోచిన కారే ఇవ్వండి, కానీ నాకు ఓపిక ఉండగా ఇవ్వండి.”

అధ్యక్షులవారు కళ్లు ఒత్తుకున్నారు.

“మండలి సానుభూతిని నమోదు చేయడమైనది” అన్నారు.

అంతటితో పని అయిపోయేదే. కానీ మూలన కూర్చున్న సభ్యుడొకాయన చెయ్యెత్తారు. పరివర్తిత వాహనానికి యజమాని మారితే అది మరోసారి పరివర్తితమవుతుంది కదా, అలాంటి బండిని ఏమనాలి? నిబంధనల్లో పేరు లేదు. పేరు లేనిదాన్ని అమ్మడం కుదరదు.

అందరూ తలలు పట్టుకున్నారు. అప్పుడు అధ్యక్షులవారు నన్ను చూసి, “తాము భాషావేత్తలు కదా, ఒక పదము సెలవిండు” అన్నారు.

జన్మలో మొదటిసారి ప్రభుత్వం నన్ను ఓ మాట అడిగింది. నోరు మూసుకొని ఉండాల్సింది. “పరిపరివర్తితం అంటే ఎలా ఉంటుందండీ?” అన్నాను.

అది సంధో, సమాసమో, ఊరికే నత్తి మాటో తేలలేదు. సగం మంది ఒకటే ‘పరి’ చాలన్నారు. మిగతా సగం మంది, యజమాని మారినప్పుడల్లా ఒక ‘పరి’ చేర్చాలన్నారు. మధ్యాహ్నమైంది. టీ మంజూరైంది. చివరికి ఒక ఉపసంఘం వేసి, దాని నివేదిక వచ్చేదాకా మధ్యంతర ఉత్తర్వు చదివారు. ఆ ఉత్తర్వు ఒకే వాక్యం. త్రివిక్రమంగారు దాన్ని చదువుతూ రెండుసార్లు ఊపిరి తీసుకున్నారు.

మెట్లు దిగుతుండగా హైమవతిగారు నీరసంగా అడిగారు. “ఇంతకీ ఏమన్నారండీ?”

“పేరు తేలేదాకా కారు మీరు కొనకూడదన్నారు.”

“సరే, పోనీండి.”

“ఈలోగా బండి ఉన్నదున్నట్టు ఉందో లేదో తేలాలంటే దాన్ని క్రమం తప్పకుండా నడిపి చూడాలన్నారు. ఆ నడిపే బాధ్యత దరఖాస్తుదారుదన్నారు.”

ఆవిడ మెట్టు మీదే ఆగిపోయారు. “అంటే?”

“కొనడానికి వీల్లేదు. నడపక తప్పదు.”

“మళ్లీ చెప్పండి మాస్టారూ.”

మళ్లీ చెప్పాను. ఆవిడ రెయిలింగు పట్టుకొని, మొదటి అంతస్తులో ఉన్న శాఖ వాళ్లు బయటికొచ్చి చూసేదాకా నవ్వారు. పైడిరాజుకు చెబితే, “నాకేటండీ, పెట్రోలు తమరిదైతే రోజూ పరిశీలించుకోండి” అన్నాడు.

మొదటి పరిశీలన ఆదివారం పొద్దున బీచి రోడ్డు మీద జరిగింది. త్రివిక్రమంగారు వచ్చి, బండెక్కబోయి ఆగిపోయారు. పక్క సీటు వెనక సిటీ బస్సు అక్షరాలు ఇంకా ఉన్నాయి. ‘స్త్రీలకు మాత్రమే’ అని. ఆయన చాలాసేపు ఆ అక్షరాల ముందు నిలబడ్డారు.

“కూర్చోండి, నేనేమీ లేవమనను” అన్నారు హైమవతిగారు.

వ్యాను ఇంజను ఒక్కసారి గర్జించింది. లారీ హారను మోగింది. ఇసుకలో ఆడుకుంటున్న కుక్కలు సముద్రంలోకి దూకాయి. గులాబీ బండి భీమిలి వైపు వెళ్లిపోయింది. నేను రోడ్డు పక్క బెంచీ మీద కూర్చున్నాను. రెండు సీట్ల కారులో మూడోవాడికి ఉండే చోటు అదే.

తిరిగొచ్చేసరికి త్రివిక్రమంగారి జుట్టు నిలువునా లేచి ఉంది. కళ్లద్దాలకు ఓ పురుగు అంటుకుంది. మెడ దగ్గరి గుండీ కనిపించలేదు.

“ఎలా ఉందండీ?” అన్నాను.

ఆయన మాట కోసం వెతికారు. సంస్కృతంలో వెతికారు, ప్రభుత్వ ఉత్తర్వుల్లో వెతికారు.

“అబ్బ” అన్నారు.

తర్వాత జేబులోంచి కాగితం తీసి, ‘పరిశీలన అసంపూర్ణము. మరల జరుపవలెను’ అని రాశారు.

హైమవతిగారు స్టీరింగు వదల్లేదు. “త్వరణం కడుపులో తెలుస్తుంది మాస్టారూ. ఇన్నేళ్లు చెప్పాను, పిల్లలకి ఆ సంగతి చెప్పనేలేదు” అన్నారు. ఆవిడ మొహం పరీక్ష బాగా రాసొచ్చిన పిల్ల మొహంలా ఉంది.

మరుసటి ఆదివారమూ పరిశీలన అసంపూర్ణంగానే ముగిసింది. ఆ మరుసటి వారం మండలి సభ్యులకు కూడా బాధ్యతలు గుర్తొచ్చాయి. ఒకాయన హారను పరిశీలించాలన్నారు. ఇంకొకాయన గాలిలో రంగు మారుతుందేమో చూడాలన్నారు. అధ్యక్షులవారు, మలుపుల్లో వాహనం యథాతథంగా ఉండగలదా అని స్వయంగా నిర్ధారించుకోవడానికి సింహాచలం కొండ మీదికి వెళ్లొచ్చి, ఉపసంఘం తొందరపడరాదని ఉత్తర్వు జారీచేశారు. పేరు విషయంలో ఉపసంఘం ఇప్పటికీ తొందరపడలేదు.

వానలు మొదలయ్యాక ఓ రోజు హైమవతిగారు, “పాపం, నరసింగరావుగారు ఎలా ఉన్నారో” అన్నారు.

ఆయన బాగా లేరు. నేను బస్సులోనూ, ఆవిడా త్రివిక్రమంగారూ గులాబీ బండిలోనూ విజయనగరం చేరేసరికి ఆయన షెడ్డులో గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నారు. కప్పు బాగుచేయకూడదు గనుక, చినుకు పడ్డప్పుడల్లా వచ్చి బండికి గొడుగు పడుతున్నారట. గొడుగు బండిని తాకకూడదు, చెయ్యి చాచి పట్టుకోవాలి. పిల్లి మాత్రం ఖాళీ చేయలేదు. హాయిగా పడుకొని ఉంది.

చినుకులు ఆగాక నరసింగరావుగారు బయటికొచ్చి గులాబీ బండి చుట్టూ తిరిగారు. బస్సు సీట్లు, స్కూటర్ల లైట్లు, పెళ్లింటి రంగు అన్నీ చూశారు. “రామ రామ” అన్నారు. ఇంకో చుట్టు తిరిగి, ఈసారి గొంతు తగ్గించి అడిగారు.

“ఇది ఇక్కడిదాకా నడిచే వచ్చిందా అమ్మా?”

“నడిచే వచ్చిందండీ.”

ఆయన చేతిలోని గొడుగు ముడిచారు. “నేనెప్పుడూ మా బండి ఎక్కలేదమ్మా. చిన్నప్పుడు ఎక్కుతానంటే పాడుచేస్తానని నాన్న ఒప్పుకోలేదు, అరిగిపోతుందని తనూ ఎప్పుడూ తీయలేదు. ఆయన పోయాక నేను ప్రయత్నిస్తే స్టార్టు అవలేదు. బాగుచేయిస్తే ఒరిజినల్ పోతుందని నేనే మానేశాను. దాని చప్పుడెలా ఉంటుందో కూడా నాకు తెలీదు.”

త్రివిక్రమంగారు ఆకాశం వైపు చూసి, గొంతు సవరించుకున్నారు.

“తులనాత్మక పరిశీలనార్థము, యథాతథ వాహన యజమానిని పరివర్తిత వాహనమునందు కూర్చుండబెట్టవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది” అన్నారు. అలాంటి నిబంధన లేదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయనే వెళ్లి తలుపు తీసి పట్టుకున్నారు.

నరసింగరావుగారు కండువా బిగించి కూర్చున్నారు. బండి గర్జించేసరికి డ్యాష్‌బోర్డు రెండు చేతులా పట్టేసుకున్నారు. హైమవతిగారు కోట వైపు తిప్పారు. మేమిద్దరం షెడ్డులో పిల్లికి తోడుగా నిలబడ్డాం. చినుకు పడితే త్రివిక్రమంగారు గొడుగు అందుకున్నారు.

లారీ హారను మొదట కోట దగ్గర వినిపించింది, తర్వాత మార్కెట్టు దగ్గర, ఆ తర్వాత ఎక్కడో దూరంగా. చాలాసేపటికి బండి తిరిగొచ్చింది. నరసింగరావుగారి కండువా ఎక్కడో ఎగిరిపోయింది. ఆయన దిగలేదు.

“మా బండి కూడా ఇలాగే చప్పుడు చేసేదంటారా అమ్మా?”

హైమవతిగారికి అబద్ధం చెప్పడం రాదు. “లేదండీ. ఇది వ్యాను ఇంజను.”

ఆయన ఆలోచించారు. “పోనీండి” అన్నారు.

త్రివిక్రమంగారు కాగితం తీశారు. “రెండు వాహనములకును గల భేదములను తెల్పుడు.”

“ఒకటే ఉంది, రాసుకోండి. అది చూపించుకోవడానికి ఉంది. ఇది వెళ్లడానికి ఉంది.”

“తిరిగి రావడానికి కూడా” అన్నారు హైమవతిగారు. “బ్రేకులు బిగించాం.”

త్రివిక్రమంగారు రాయడం మొదలుపెట్టి, రెండు మాటలయ్యాక ఆగి, బండిలో కూర్చున్న నరసింగరావుగారి వైపు చూశారు. రాసింది కొట్టేసి, ‘పరిశీలన అసంపూర్ణము’ అని రాసి, కలానికి మూత పెట్టారు.

“ఇంకో చుట్టు తిప్పుకురండమ్మా” అన్నారు. “ఈసారి రైల్వే గేటు దాకా పోండి. అక్కడ రోడ్డు బాగుంటుంది.”